సహపాఠుల వైరము

ద్రోణద్రుపదులు ఒక్కచోట విద్య నేర్చిన బాల్యమిత్రులు. పెద్దవారైన పిమ్మట ఒకని ఐశ్వర్యమదమును, వేరొకని పగయు ఆ చెలిమిని బూడిద గావించినవి. భారతమున ఇద్దరికి కలిగిన ఆ దుర్గతి, ఒక ఊరికంతటికిని కలిగిన వృత్తాంతమును పాఠకమహాశయులకు విన్నవించుచున్నాను.

పోలండు దేశపు ఈశాన్యభాగమున యెడ్వాబ్నె అను చిన్న పట్టణము కలదు. అందు కాథలిక్కు క్రైస్తవులును, యూదులును తరతరములుగా ఇరుగుపొరుగున నివసించిరి. వారి బిడ్డలు ఒకే బడిలో చదివిరి, ఒకే వీధిలో ఆడుకొనిరి. కాని 1930 తరువాతి సంవత్సరములలో యూదుల అంగళ్లలో సరకులు కొనరాదని జాతీయవాదులు ప్రచారము సలిపిరి. 1937 నాటికి విశ్వవిద్యాలయములలో యూద విద్యార్థులకు వేరు బల్లలు ఏర్పడినవి. విత్తనము యుద్ధమునకు ముందే పడినదన్నమాట.

1939లో ఆ ప్రాంతము సోవియటు ప్రభుత్వము వశమయ్యెను. అనేక కుటుంబములు సైబీరియాకు పంపబడినవి. యూదులును అట్లే పంపబడినను, నేరమంతయు వారిదేయను వదంతి ప్రబలెను. 1941 జూనులో జర్మనులు వచ్చి ఆ ద్వేషమును రెచ్చగొట్టిరి. జూలై 10వ తేదీన ఊరివారే తమ పొరుగువారిని సంతబయలునకు ఈడ్చి, పిదప ఒక ధాన్యపు కొట్టములో బంధించి, కిరసనాయిలు పోసి నిప్పంటించిరి. స్త్రీలు, శిశువులతో కూడ కనీసము 340 మంది మరణించిరి. చంపినవారు చచ్చినవారిని పేరుపేరున ఎరుగుదురు.

యుద్ధానంతరము అచట నిలిపిన శిలపై, 1600 మందిని జర్మనులు చంపిరని చెక్కబడెను. లెక్కలు వ్రాసి బ్రతికిన నాకు ఇది మరువరానిది. తప్పుపద్దు ఒకమారు చిట్టా కెక్కెనా, దాని క్రింది మొత్తములన్నియు తప్పులే. 2000లో యాన్ గ్రాస్ అను చరిత్రకారుడు ఈ సంగతిపై గ్రంథమును ప్రకటింపగా దేశమంతట కలకలము రేగెను. 2001లో ఆ శిలను తొలగించిరి. ఆ సంవత్సరమే జూలై 10న దేశాధ్యక్షుడు క్వాష్నియెవ్‌స్కీ ఆ స్థలముననే క్షమాపణ వేడెను. ప్రభుత్వ విచారణలో, జర్మనుల ప్రేరణ ఉన్నను, ఆ పని చేసినవారు కనీసము 40 మంది స్థానికులని తేలినది.

ఆ ప్రాంతముననే అంతోనినా విజికోవ్‌స్కా అను కాథలిక్కు రైతుగృహిణి ఏడుగురు యూదులను తన పొలమున 1945 వరకు దాచి కాపాడెను. యుద్ధము ముగిసినది, అందులకై పొరుగువారు ఆమెను కొట్టిరి. ఆమె ఊరు విడువవలసి వచ్చెను. పగ సైన్యముతో వచ్చినదైనచో సైన్యముతోనే పోవలసినది గదా!

మన గ్రంథాలయపు బల్లచుట్టు నేడు అన్ని వాడల బిడ్డలును కూర్చుండి చదువుచున్నారు. వారి చెవిని మనమేమి వేయుచున్నామో, ఆ పద్దును ఎవరికి వారు సరిచూచుకొందము గాక.