బెండుకవచము

ఇంగ్లండు తూర్పుతీరమున, ఎస్కునది సాగరమును గలియుచోట వెలసిన విట్బీ రేవు తిమింగిలముల వేటకును ఓడల నిర్మాణమునకును పూర్వము పేరుగాంచినది. దేశాన్వేషకుడైన కెప్టెన్ కుక్కు యౌవనమున నావికవిద్య నభ్యసించిన దచ్చటనే. కడలిలో నాపదకు లోనైనవారిని గాచుటకై పూర్వము ఆ రేవున పడవ నెక్కువారు సైనికులు గారు, జీతమునకు కుదిరిన కొలువుకాండ్రును గారు. పోయివచ్చినందుకు కొద్దిపాటి రొక్కము ముట్టిన ముట్టవచ్చును గాని, వారు ఊరి బెస్తలు, ఏ తుపానునకు జడిసి తమ పడవలను ఒడ్డునకు లాగిరో ఆ తుపానులోనికే పరుల యోడకై తెడ్లు పట్టుకొని పోవువారు.

1861 ఫిబ్రవరి 9వ తేదిన ఆ తీరమున నోడలు వరుసగా భగ్నములగుచుండగా, విట్బీ రక్షకులు అయిదుమారులు పోయి నావికులను దరిజేర్చిరి. ఆరవమారు, అలసిన చేతులతోనే మరల పడవ ద్రోయగా, రేవుకట్ట చేరువ నెదురెదురుగా వచ్చిన కెరటములు డీకొని దానిని మీది కెగజిమ్మి తలక్రిందుచేసెను. కట్టపై గుమిగూడిన జనులు చూచుచుండగనే పదుముగ్గురిలో పన్నిద్దరు మునిగిపోయిరి.

మిగిలినవాడు హెన్రీ ఫ్రీమన్. తొలుత ఇటుకలు చేసి బ్రదికి, పిమ్మట కడలిపనికి వచ్చినవాడు. కొత్తతరహా బెండుకవచమును ఆ పడవలో ధరించినవా డతడొక్కడే.

1824లో సర్ విలియం హిల్లరీ పూనికతో లండనులో నెలకొని, చందాలపై నడచు రక్షకనౌకాసంస్థకు తనిఖీదారైన కెప్టెన్ వార్డు 1854లో ఆ కవచమును రూపొందించెను. క్యాన్వాసు గుడ్డపై సన్నని బెండుముక్కలను వరుసగా కుట్టుటచే అది మన జాలరుల వలకు గట్టిన బెండ్లవలె దేహమును తేల్చును. ముక్కకును ముక్కకును నడుమ నెడముండుటచే వంగి తెడ్డువేయుటకు అడ్డురాదు. ఇట్టి గాథలు చెప్పువారు వీరుల గుండెదిటవునే కొనియాడుదురు గాని, ఆ యెడము నాలోచించిన బుద్ధియు నంత శ్లాఘ్యమనియే నాకు తోచును. తెడ్డువేయువానిని బాధించు కవచము నీటిపై నెంత తేలునదైనను, తుపాను వచ్చిననాడు ఒడ్డుననే పడియుండును.

ఫ్రీమన్ వెండిపతకమంది, తరువాత ఇరువదేండ్లకు పైగా విట్బీ రక్షకనౌకకు నాయకుడై, 300 మందికి పైగా ప్రాణములు గాచుటలో పాల్గొని, 1904లో మరణించెను. ఆ యేడే సంస్థ, బెండునకు బదులు మన యిండ్లలో తలగడలకు నింపు బూరుగుదూది వంటి దూదితో కుట్టిన కవచములను ప్రవేశపెట్టెను.