మార్లవాయి బడిలో ఒక రాత్రి



పోయిన ఫిబ్రవరి చివర్లో మా దగ్గరి ఒక ప్రాథమిక ఆశ్రమ పాఠశాల పిల్లలను మూడు రోజుల టూర్‌కి తీసుకెళ్తుంటే, "నువ్వు కూడా రా, మన చరిత్ర చెప్పేటోడు ఒకడు కావాలె" అని సార్ ఫోన్ చేశారు. నాలుగు, ఐదు తరగతుల పిల్లలు. గోండులు ఎక్కువ, కోలాం, తోటి, లంబాడా పిల్లలు కొందరు. టూర్ అంటే మామూలుగా హైదరాబాద్, జూపార్క్, చార్మినార్. ఈసారి సార్ పట్టుబట్టి మన గుట్టలకే పెట్టారు. కెరమెరి ఘాట్ ఎక్కి జోడేఘాట్, అక్కణ్ణుంచి జైనూర్ వైపు మార్లవాయి, తర్వాత గుంజాల, చివరికి ఇంద్రవెల్లి, కేస్లాపూర్. చద్దర్లు, గంజులు, బియ్యం అన్నీ వెంటే.

ఘాట్ మీద బండి ఆపితే పిల్లలు ఒక్కసారి కిందికి దూకారు. టేకు ఆకు రాల్చేసి ఉంది, మోదుగు మాత్రం ఎర్రగా విరగబూసింది. నేను చెట్ల పేర్లు తెలుగులో చెప్తుంటే ఒక కోలాం పిల్ల నవ్వింది. ఆ పాపకి ఏ ఆకు విస్తరికి పనికొస్తుందో, మొర్రి పండు ఏ నెలలో వస్తుందో, తునికాకు ఏ సైజులో తెంపాలో మొత్తం తెలుసు. బడిలో మాత్రం నోరు విప్పదట. సార్ నోట్‌బుక్ తీసి ఆ పాప చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు.

ఇంకో పిల్లోడు నల్లరాయి ఒకటి, గుప్పెడు నల్లమట్టి తెచ్చి "రెండూ ఒక్క తీరుగున్నయి ఎందుకు?" అన్నాడు. మంచి ప్రశ్న. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కింద దక్కన్ అంతటా పారిన లావా గడ్డకట్టి ఈ నల్లరాయి అయింది, అది అరిగి అరిగి నల్లరేగడి అయింది. మన జొన్న పండింది దాంట్లోనే, ఇప్పుడు పత్తి పండేదీ దాంట్లోనే. ఈ మట్టి కోసమే బయటోళ్ళు వచ్చారు. మన చరిత్రలో సగం గొడవ ఈ గుప్పెడు మట్టి గురించే అని చెప్పాను. అర్థమైందో లేదో గానీ వాడు ఆ మట్టిని కాగితంలో పొట్లం కట్టుకున్నాడు.

జోడేఘాట్‌లో భీం విగ్రహం దగ్గర అందరం మొక్కాం. మ్యూజియం చూశాం. కుమ్రం భీం పేరు తెలియని పిల్లలు లేరు, అయితే వాళ్ళకి తెలిసిన భీం సినిమా భీం. అందుకని లడాయి కంటే ముందు ఏం జరిగిందో చెప్పాను. నిజాం కాలంలో మనోళ్ళు చాలామంది పట్టా లేకుండా దున్నుకునేవాళ్ళు. దాన్ని శివాయి జమాబందీ అనేవారు. సర్కారుకి శిస్తు కడతాం, కానీ కాగితం మీద భూమి మనది కాదు. కాగితం విలువ తెలిసిన షావుకార్లు, బయటి రైతులు పట్టాలు చేయించుకున్నారు. ఇంకోవైపు అడవికి రిజర్వు గీతలు గీశారు. నిన్నటిదాకా చేను, ఇవాళ అడవి. పశువులు మేపితే పన్ను. గుడిసెలు కాల్చి వెళ్ళగొట్టడం కూడా జరిగింది. ఆ చుట్టుపక్కల ఊర్ల భూమి, అడవి, నీళ్ళ మీద హక్కు మాదే అని భీం నిలబడ్డాడు. 1940లో పోలీసుల కాల్పుల్లో ఈ జోడేఘాట్ గుట్టల మీదే చనిపోయాడు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి మనం వర్ధంతి చేసేది అందుకే.

ఒక పిల్ల మెల్లగా అంది: "దాదా, మా చేనుకు కూడా గీత గీసిండ్రు." నేను ఏం చెప్పలేకపోయాను.

సాయంత్రానికి మార్లవాయి చేరాం. రాత్రి పడక అక్కడి బడిలోనే. ఈ ఊరి గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన గ్రూపులో చాలామంది మార్లవాయి అంటే హైమన్‌డార్ఫ్ సమాధి అని మాత్రమే అనుకుంటున్నారు.

భీం చనిపోయాక నిజాం సర్కారుకి భయం పట్టింది. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలనుకుంది. అప్పటికే హైదరాబాద్ రాజ్యంలో చెంచుల మధ్య, కొండరెడ్ల మధ్య పనిచేసిన ఆస్ట్రియా మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌కి ఆ పని అప్పజెప్పింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు, గోండి నేర్చుకున్నారు. ఆయన నివేదికల వల్ల భూమి పట్టాల పంపిణీ మొదలైంది. 1943లో మార్లవాయిలో టీచర్ల శిక్షణ కేంద్రం పెట్టారు.

అసలు కథ ఇక్కడే ఉంది. టీచర్లు కావాలి, కానీ చదువొచ్చిన గోండులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. బయటి టీచర్లను తెస్తే పిల్లలకు మాట అర్థం కాదు. అందుకని కాస్తో కూస్తో అక్షరాలు తెలిసిన మన యువకులనే పోగుచేసి తయారు చేశారు. వాచకాలు గోండి భాషలో రాశారు, లిపి దేవనాగరి. మన పడమటి ఊర్లలో మరాఠీ అందరికీ కొంత తెలుసు కాబట్టి ఆ లిపి ఎంచుకున్నారు. ముందు ఇంటి మాటలో చదవడం రావాలి, వేరే భాషలు ఆ తర్వాత. అక్కడ చదివినవాళ్ళే ఊర్లకు పోయి బడులు నడిపారు. అంటే ఎనభై ఏళ్ళ కిందట మన పిల్లోడు మొదటిరోజు బడికి పోతే, మన టీచరు, మన మాటలో, మన మాటే రాసి ఉన్న పుస్తకం తెరిచాడు.

ఒక మాట. హైమన్‌డార్ఫ్‌ని దేవుణ్ణి చేసి మాట్లాడడం నాకు పెద్దగా నచ్చదు. ఆయన మంచి పని చేశాడు, కాదనను. బెట్టీ 1987లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు, తర్వాత ఆయన అస్థికలు కూడా తెచ్చి పక్కనే పెట్టారు, ఆ ప్రేమ అబద్ధం కాదు. కానీ ఆయన్ని పంపింది సర్కారు, సర్కారుని కదిలించింది జోడేఘాట్ నెత్తురు. ఈ రెండు ఊర్లను ఒకే రోజు చూపించాలని సార్ ఎందుకు అనుకున్నారో నాకు అక్కడికొచ్చాక అర్థమైంది.

మార్లవాయి అంటే కనకరాజు గారి ఊరు కూడా. గుస్సాడీకి 2021లో పద్మశ్రీ తెచ్చిన ఆయన 2024లో వెళ్ళిపోయారు. ఆ రాత్రి దండారి కాలం కాకపోయినా పిల్లలు పళ్ళేలు కొట్టి గుస్సాడీ ఆడారు. నెమలి ఈకల టోపీ లేదు, దువ్వాలలు నెత్తికి చుట్టుకున్నారు.

అలిసిపోయి పడుకునే ముందు ఐదో తరగతి పిల్లోడు అడిగాడు: "దాదా, అప్పుడు గోండి పుస్తకం ఉంటే ఇప్పుడు మాకెందుకు లేదు?"

నిజాం రాజ్యం పోయింది. 1956లో రాష్ట్రాల విభజనలో కిన్వట్, రాజురా అటు పోయాయి, మనం ఇటు మిగిలాం. అటు మరాఠీ బడి, ఇటు తెలుగు బడి. చెప్పడానికి ఇంతే. నేను ఒకటో తరగతిలో గోండిలో నీళ్ళు అడిగినందుకు ఒక టీచరు గోడకు నిలబెట్టారు. ఆయన చెడ్డ మనిషి కాదు, ఆయనకి 'ఏర్' అంటే నీళ్ళని తెలియదు, అంతే. ఏజెన్సీ బడుల్లో మన టీచర్లే ఉండాలని 2000లో వచ్చిన జీవో 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. ఆ తీర్పు వచ్చినప్పుడు మనలో చాలామంది ఉద్యోగాల లెక్కే వేసుకున్నాం. గోడకు నిలబడిన పిల్లల లెక్క ఎవరూ వేయలేదు, నేను కూడా. ఇదంతా పదేళ్ళ పిల్లోడికి ఎట్లా చెప్పాలి? "పొద్దున గుంజాలకు పోదాం, అక్కడ చూద్దువు" అన్నాను.

గుంజాలలో దొరికిన చేతిరాత ప్రతులు సుమారు 1750 నాటివని పరిశోధకుల అంచనా. అందులోని లిపి దేవనాగరి కాదు, తెలుగు కాదు. ఊర్లో కొద్దిమంది పెద్దలకే చదవడం వచ్చిన ఆ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది, అంటే ఫోన్లో రాసుకోవచ్చు. ఒక పెద్దాయన నేల మీద పుల్లతో పిల్లల పేర్లు రాసి చూపించారు. రాత్రి ప్రశ్న అడిగినోడు తన పేరు మూడుసార్లు రాసి, ఎవరూ తొక్కకుండా చుట్టూ రాళ్ళు పెట్టాడు. నేను నా పేరు రాయబోయి తప్పు రాశాను, పిల్లలే దిద్దారు.

ఇంద్రవెల్లి స్తూపం దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. 1981 ఏప్రిల్ 20న భూమి కోసం సభకు వచ్చినవాళ్ళ మీద కాల్పులు జరిగాయని, సర్కారు లెక్క 13 మంది అని, మనోళ్ళ లెక్క అంతకంటే చాలా ఎక్కువ అని మాత్రం చెప్పాను. కేస్లాపూర్‌లో నాగోబాకు మొక్కాం. మెస్రం వంశం వాళ్ళు గోదావరి నీళ్ళ కోసం కాలినడకన ఎంత దూరం పోయి వస్తారో చెప్తే, మూడు రోజులు బండిలో తిరిగి కాళ్ళు నొప్పులన్న పిల్లలు గప్‌చుప్ అయ్యారు.

తిరిగొచ్చాక సార్ ఆ నోట్‌బుక్ నాకిచ్చారు. చెట్ల పేర్లు మూడు వరుసల్లో ఉన్నాయి: గోండి, కోలామి, తెలుగు. ఖాళీలు చాలా ఉన్నాయి, పేజీ ఫొటో పెడతాను, తెలిసినవాళ్ళు పూరించండి. ఇంకో పని కూడా ఉంది. మార్లవాయి కేంద్రంలో చదివినవాళ్ళు ఇప్పుడు తొంభై ఏళ్ళు దాటి ఉంటారు. మీ ఇంట్లో, మీ ఊర్లో అట్లాంటి తాత ఎవరైనా ఉంటే ఈ ఎండాకాలం సెలవుల్లోనే ఆయన గొంతు ఫోన్లో రికార్డు చేయండి. ఆ గోండి వాచకం ఒక్కటైనా ఏ సందుగులోనో ఉందేమో అడగండి. ఉంటే నాకు చెప్పండి, నేనే వస్తాను. ఆ పిల్లోడికి చూపిస్తానని మాటిచ్చాను.