నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రం

నెల్లూరు తీరాన పులికాట్ సరస్సుకు చేరువలో, దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు చెరువు చుట్టూ ఉన్న అభయారణ్యం. విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. 1976లో ఏర్పడింది. 2022 జిల్లాల విభజనతో తిరుపతి జిల్లాలోకి వెళ్లినా, జనం నోట ఇంకా నెల్లూరు నేలపట్టే.

గూడబాతులు గూళ్లు కట్టే ముఖ్యమైన తావుల్లో ఇదొకటి. ఈశాన్య రుతుపవనాలతో చెరువు నిండగానే అక్టోబరు నుంచి పక్షులు దిగుతాయి. మొదళ్లు నీళ్లలో మునిగినా చావని నీటి కడప చెట్లే వాటికి కోట. కొమ్మకొమ్మకూ గూడు, కింద నీరు ఉండటంతో పిల్లుల బెడద తక్కువ. మేత మాత్రం ఇక్కడ చాలదు. పెద్దపక్షులు పులికాట్ దాకా ఎగిరి వెళ్లి చేపలు మింగి వస్తాయి. పిల్ల తన తలను తల్లి గొంతుసంచిలోకి పూర్తిగా దూర్చి, అందులోని చేపను లాక్కుతింటుంది. చూసేవాళ్లకు తల్లే పిల్లను మింగేస్తోందేమో అనిపిస్తుంది. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెల్ల కంకణాలు కూడా ఇక్కడ పిల్లల్ని పెంచుతాయి.

పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు పొలాలకు ఎరువవుతుందని ఊరివాళ్లు వాటి జోలికి పోరు. అటవీశాఖ కాపలా కన్నా ఈ లెక్కే ముందునుంచీ గట్టిది.

పక్షుల్ని చూడటానికి జీపులో రోజులతరబడి తిరగనక్కర్లేదు. కట్టమీది నుంచో, పరిశీలన గోపురం నుంచో బైనాక్యులర్‌తో చూడొచ్చు. ఫ్లెమింగోలు కావాలంటే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డెక్కాలి, అవి పులికాట్ సరస్సులోని లోతులేని ఉప్పునీటిలోనే మేస్తాయి. వానలు మొహం చాటేసి చెరువు నిండని ఏడాది గూళ్లు పలచబడతాయి.