తెరచాప పలక వ్యాజ్యము

ఒక వస్తువు కంటి యెదుట నిలిచిన పిమ్మట “ఇందేమున్నది, ఎవరికైనను తోచునదే” యనుట సులభము. అది నిజముగా నట్టిదేనా యని తేల్చుటయే కష్టము. 1985లో ప్రకటింపబడిన యొక ఇంగ్లండు తీర్పును జూతము.

నీటిపై పలకమీద నిలుచుండి, ఎటువైపునకైనను వాలు తెరచాపకొయ్యను నడపు ఆటసాధనమునకు 1968లో అమెరికాలో ష్వైట్జరు, డ్రేకు అనువారు పేటెంటు కోరిరి. అట్టి హక్కే ఇంగ్లండునందును లభించెను. చాప కిరుప్రక్కల విల్లువలె వంగిన పట్టుకొయ్యలే అందలి విశేషము. అయితే 1958లోనే హేలింగు ద్వీపముచెంత పండ్రెండేండ్ల పీటరు చిల్వర్సు తాను చేసికొన్న యట్టి పలకపై రెండు వేసవులు ఆడుకొనెను! వాని పట్టుకొయ్యలు తిన్ననివి. గాలి నిండినంతనే అవియు వంగెడివి.

అప్పీలు కోర్టు న్యాయమూర్తులు తమ తెలివినే కొలబద్దగా గొనలేదు. పనితనము గలిగియు ఊహ లేని యొక పనివాని స్థానమున నిలిచి, క్రొత్త కల్పనను ఎఱుగనట్లే భావించి, ఈ తేడా వానికి తోచునా యని విచారించిరి. తోచునని తేలెను, పేటెంటు నిలువలేదు. ఆ యాటను లోకమున వ్యాపింపజేసినవారు అమెరికావారే గదా యని మాకును జాలి కలుగక మానలేదు. కాని ఆ బాలుడు మఱల తన పాతపలక నెక్కినచో పరుల హక్కు నతిక్రమించినవా డగుననుట మే మొప్పజాలము.