నిలుచునే చోటు (సంగీత కచేరీలు, విజయవాడ – కృష్ణా డెల్టా)

నిలుచునే చోటు అంటే కచేరీలో కుర్చీ గానీ చాప గానీ దొరకనివారు నిలబడి పాట వినే జాగా. లండన్‌లో జరిగే ప్రామ్స్ కచేరీల్లో ఈ చోటుకు టికెట్టు ఉంది, వరస ఉంది. విజయవాడలోనూ చుట్టుపక్కల డెల్టా ఊళ్ళలోనూ ఇది పందిరి గుంజల అవతల, వీధి మలుపుల్లో, కాఫీ హోటలు అరుగుల పక్కన ఉండేది. దానికి ఎవరూ టికెట్టు కొయ్యలేదు. అయినా ముందు ఎవరు, వెనక ఎవరు అన్న లెక్క అక్కడా నడిచింది. ఆంధ్ర సంగీత చరిత్ర రాసినవారు వేదిక మీది విద్వాంసులను, ముందు వరసలోని పోషకులను తలచుకున్నంతగా ఈ నిలుచున్నవారిని తలచుకోలేదు. అది పెద్ద లోటు. డెల్టా పాట ఇంత గట్టిగా, ఇంత స్పష్టంగా తయారవడంలో వీరికి భాగం ఉంది.

'కచేరీ' అన్న మాటకు తెలుగులో రెండు అర్థాలు. ఒకటి సర్కారు కార్యాలయం, రెండోది పాటకచేరీ. తాసిల్దారు కచేరీ ముందు చెట్టు కింద రైతులు గంటల తరబడి నిలబడేవారు. పాటకచేరీ చివర నిలబడినవారిలోనూ చాలామంది ఆ రైతులే.

ఊరేగింపు మేళం

ప్రామ్స్ అన్న పేరు నడకకు సంబంధించిన మాటలోంచి వచ్చింది. శ్రోతలు కూర్చోకుండా అటూ ఇటూ తిరుగుతూ వినే కచేరీ అని దాని భావం. మన దగ్గర ఆ అర్థానికి సరిగ్గా సరిపోయేది సన్నాయి మేళం. దేవుడి ఊరేగింపులో వాయించేవారూ వినేవారూ నిలబడే ఉంటారు, నడుస్తూనే ఉంటారు. నాలుగు వీధుల కూడలికి వచ్చేసరికి మేళం ఆగుతుంది. పెట్రోమాక్సు దీపాలు నెత్తిన పెట్టుకున్న మనుషులు చుట్టూ నిలబడతారు. ఆలాపన మొదలవుతుంది. వాద్యకారులకు దగ్గరగా తెలిసిన శ్రోతలు, వారి కాళ్ళ సందుల్లోంచి పిల్లలు, ఆ వెనక ఊరు.

ఇక్కడి వరస కదిలే వరస. ఒక కూడలిలో వెనకపడినవాడు, కీర్తన ముగియకముందే పక్క సందులోంచి పోయి తరువాతి కూడలిలో ముందుగా నిలబడేవాడు. మేళం అతని ముందుకు వచ్చి ఆగేది. నాదస్వరం ఆరుబయటి వాద్యం కాబట్టి, దానికి గోడ అక్కర్లేదు కాబట్టి, ఈ ఏర్పాటు సాగింది.

గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నాదస్వర విద్వాంసుల్లో ముస్లిం కుటుంబాలవారు ఎక్కువ. చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబు దగ్గర నేర్చుకున్న షేక్ చినమౌలానా (1924–1999) ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టి, తరువాత శ్రీరంగంలో స్థిరపడి దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. ఆ సంప్రదాయం నుంచే వచ్చిన షేక్ మహబూబ్ సుబానీ, కాలేషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. రాముడి ఊరేగింపులో త్యాగరాజ కీర్తన వాయించిన ఈ విద్వాంసుల ముందు ఏ కులంవాడైనా, ఏ మతంవాడైనా నిలబడగలిగేవాడు. వీధికి గుమ్మం ఉండదు.

పందిరి, చాప, తుండుగుడ్డ

డెల్టాలో కచేరీల కాలం పంటను బట్టి నడుస్తుంది. సంక్రాంతి దాటాక నూర్పిళ్ళు అయిపోతాయి, ధాన్యం ఇల్లు చేరుతుంది, చేతిలో నాలుగు రూపాయలు ఆడతాయి. శ్రీరామనవమి నాటికి ఊరూరా రామాలయం ముందు తాటాకు చలువ పందిరి లేస్తుంది. చందాలు పోగుచేసి తొమ్మిది రాత్రులూ ఏదో ఒకటి పెడతారు: ఒకరోజు హరికథ, ఒకరోజు బుర్రకథ, ఒకరోజు పాటకచేరీ, ఒకరోజు పద్యనాటకం. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన, ఆశ్వయుజంలో దసరా కచేరీలు ఉండనే ఉన్నాయి.

పటమట ఈనాడు బెంజి సర్కిల్ పక్కన నగరం నడుమ ఇరుక్కుపోయి కనబడుతుంది గానీ, ఒకప్పుడు బెజవాడకు (నేటి విజయవాడకు) తూర్పున బందరు రోడ్డు మీది పల్లె. అక్కడి నుంచి కచేరీలు జరిగే గాంధీనగరం, సత్యనారాయణపురం నాలుగైదు కిలోమీటర్లు. పొద్దుగూకాక అన్నం తిని బయలుదేరితే మొదటి కీర్తన అయ్యాక గానీ పందిరి చేరలేరు. అప్పటికి లోపల చోటు ఉండేది కాదు.

ఎందుకంటే పందిట్లో చోటు సాయంత్రమే పంచుకోవడం అయిపోయేది. ముందు చందాదారులకు కుర్చీలు. ఆ వెనక జంబుఖానాలు. ఆడవారు ఒకవైపు, మగవారు ఒకవైపు, నడుమ ఒక తాడు. వేదిక అంచుకు ఆనుకుని పిల్లలు. దగ్గరి ఇళ్ళవాళ్ళు ఎండ తగ్గకముందే పిల్లల చేత చాపలు పంపి పరిపించేవారు. చాప లేనివాడు తుండుగుడ్డ వేసేవాడు. తుండు వేసి చోటు పట్టడం తెలుగువారికి బస్సు సీటు దగ్గర నుంచి పెళ్ళి పంక్తి దాకా తెలిసిన పద్ధతే. మనిషి లేకపోయినా గుడ్డ ఉంటే ఆ చోటు అతనిదే. దాన్ని తీసి పక్కన పెట్టడం తగువుకు దిగడమే.

అందుకే ఇక్కడ లండన్ తరహా వరస ఏర్పడలేదు. వరసకు ఒక గుమ్మం, ఆ గుమ్మం దగ్గర టికెట్టు ఉండాలి. పందిరికి నాలుగు వైపులా గుంజలే. టికెట్టు పెట్టిన నాటకశాలల్లోనూ, తరువాత సినిమా హాళ్ళలోనూ నేల, బెంచీ, కుర్చీ అని తరగతులు వచ్చాయి, నేల టికెట్టు కిటికీ దగ్గర తోపులాటా వచ్చింది. పాటకచేరీ మాత్రం చాలాకాలం చందాల మీదే నడిచింది కాబట్టి ఆ కిటికీ దాని దరికి రాలేదు.

నిలుచున్నవారు ఎవరు? దూరం నుంచి నడిచి వచ్చినవారు, కొట్లు కట్టేసి ఆలస్యంగా వచ్చిన గుమాస్తాలు, హోటలు పనివాళ్ళు, పందిరి అంచున రిక్షా నిలిపి దాని సీటు మీదే కూర్చున్న రిక్షావాళ్ళు. లోపలికి రమ్మన్నా రాలేనివారు కూడా వారిలో ఉన్నారన్నది దాచకూడని సంగతి. గుడి ఆవరణలో జరిగే కచేరీకి, గుడిలోకి రానివ్వని కులాలవారు గోడ అవతలి వీధిలో నిలబడే వినాల్సి వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో 1947లో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది. అలవాటు మారడానికి చట్టం కన్నా ఎక్కువ కాలం పట్టింది.

ఒక కచేరీ నడుమ ఈ గుంపు కదిలే సమయం అందరికీ తెలిసిందే: తని ఆవర్తనం. ప్రధాన కీర్తన అయి మృదంగం ఒంటరిగా మొదలవగానే లోపలివారు కాఫీకని లేస్తారు. మృదంగ విద్వాంసుడి పట్ల ఇది అన్యాయం, ఇప్పటికీ అన్యాయమే. కానీ ఆ క్షణంలోనే నిలుచున్నవారు జంబుఖానా మీదికి వచ్చేవారు. తని ఆవర్తనాన్ని మనసు పెట్టి విన్నది చాలాసార్లు వీరే.

గొంతు, దూరం

మైకు లేని రోజుల్లో పాట చేరే దూరమే కచేరీ సరిహద్దు. చివరన నిలబడినవాడికి వినబడాలంటే విద్వాంసుడు పై శ్రుతిలో పాడాలి, మాట విరిచి పలకాలి. పద్యనాటకంలో ఇది మరీ తప్పనిసరి. మైలవరం రాజావారి పోషణలో నడిచిన బాలభారతీ నాటక సమాజం లాంటివి గొంతున్న నటులను వెతికి తెచ్చుకున్నాయి. పద్యం చివర రాగం తీసి నిలబెట్టడం, వెనక నుంచి 'వన్స్ మోర్' అని కేక రాగానే మళ్ళీ పాడటం ఆ కాలపు రివాజు. ఆ కేక కుర్చీల్లోంచి కన్నా నేల నుంచే ఎక్కువగా వచ్చేది.

హరికథలో కథకుడే నిలబడి ఉంటాడు. ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) తీర్చిన ఆ కళలో చిరుతలు, గజ్జెలు, నడక ఉంటాయి. ముందు కూర్చున్నవారికి వచనం, వెనక నిలుచున్నవారికి పాట అన్నట్టు కథకుడు వేదిక మీద ముందుకూ వెనక్కూ తిరుగుతాడు.

కృష్ణా తీరపు శాస్త్రీయ సంగీతం ఈ వాతావరణంలోనే పెరిగింది. త్యాగరాజ శిష్యపరంపర సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి ద్వారా పారుపల్లి రామకృష్ణయ్య పంతులు (1883–1951) దాకా వచ్చింది. పంతులుగారు బెజవాడలో ఎంతోమందికి సంగీతం చెప్పారు. 1930లో పుట్టిన మంగళంపల్లి మురళీకృష్ణ ఆయన శిష్యుడు. చిన్నపిల్లాడిగా ఉండగానే బెజవాడ ఆరాధనోత్సవంలో పూర్తి కచేరీ చేశాడు. హరికథకులు ముసునూరి భాగవతార్ అతని పేరు ముందు 'బాల' చేర్చారు. పాడేది పిల్లవాడని వెనకవారికి కనబడదు, పాట వినబడాలి అంతే. వేదిక కనబడని చోట నిలబడినవాడి చెవికి పేరూ వయసూ అడ్డం రావు.

లండన్ వరస

1895 ఆగస్టు 10న లండన్ క్వీన్స్ హాలులో రాబర్ట్ న్యూమన్ నిర్వహణలో, హెన్రీ వుడ్ సంచాలకత్వంలో ప్రామ్స్ మొదలయ్యాయి. కింది అంతస్తులో కుర్చీలు లేవు, టికెట్టు ఒక షిల్లింగు. డబ్బు పెట్టిన జార్జి క్యాత్‌కార్ట్ గొంతు వైద్యుడు. వాద్యాల శ్రుతి తగ్గించాలన్నది ఆయన షరతు, పై శ్రుతి గాయకుల గొంతుకు చేటు అని. బెజవాడలో ఆ మేలు మైకు వచ్చాక గానీ జరగలేదు. 1927లో బీబీసీ ప్రామ్స్ నిర్వహణ తీసుకుంది. 1941 మే 10న బాంబుదాడిలో క్వీన్స్ హాలు కాలిపోయాక కచేరీలు రాయల్ ఆల్బర్ట్ హాలుకు మారాయి. అక్కడ నేల మీద, పై గ్యాలరీలో వెయ్యి దాకా నిలుచునే చోట్లు ఉంటాయి, ఆ రోజు టికెట్లు ఆ రోజే అమ్ముతారు. వాటి కోసం పొద్దున్నుంచి మెట్ల దగ్గర నిలబడటం దశాబ్దాల పాటు ఒక జీవన విధానంగా సాగింది. అక్కడ వేదికకు అందరికన్నా దగ్గరి చోటు నిలుచున్నవాడిది. మన పందిట్లో అందరికన్నా దూరపు చోటు అతనిది. రెండు పద్ధతులకూ ఉన్న అసలు తేడా ఇదే, ఇందులో లండన్‌వారిది మెరుగైన న్యాయం.

రేడియో

1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రసారాలు మొదలుపెట్టింది. బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం, బాలాంత్రపు రజనీకాంతరావు, వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామి ఆ కేంద్రంలో పనిచేశారు. పొద్దున్నే వచ్చే 'భక్తిరంజని' కోసం రేడియో లేని ఇళ్ళవాళ్ళు ఉన్న ఇంటి అరుగు దగ్గర చేరేవారు. పంచాయతీ కచేరీ ముందు గూట్లో పెట్టిన సామూహిక రేడియో దగ్గర, కాఫీ హోటలు గుమ్మంలో సైకిలు ఆపుకుని ఒక కాలు నేల మీద ఆనించి వినడం మామూలు దృశ్యం. ఓలేటి 'సంగీత శిక్షణ' పాఠాన్ని అలా నిలబడి నేర్చుకున్నవారికి గురువు ఇంటి గుమ్మం దాటే అవసరమే రాలేదు.

హాలు, పాసు

తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం లాంటి హాళ్ళు వచ్చాక పందిరి గుంజల స్థానంలో తలుపులు వచ్చాయి. చాలా కచేరీలు ఉచితమే. అయినా ముందు వరసలు పాసులకు పోతాయి, పాసు ఉన్నవారు ఆలస్యంగా వస్తారు, ఒక్కోసారి రారు. ఖాళీ కుర్చీలను చూస్తూ గోడ వారగా నిలబడిన మనుషులు నగరంలో ఏ పెద్ద సభలోనైనా కనబడతారు. పందిట్లో తుండుగుడ్డ వేసినవాడు కచేరీకి వచ్చేవాడు. ఖాళీ కుర్చీని మొదటి కీర్తన అయ్యేవరకే కాపాడి, ఆపైన నిలుచున్నవారికి ఇచ్చే సభలు మర్యాద తెలిసినవి. 2023 డిసెంబరు 10 నుంచి 12 వరకు నగరంలో కృష్ణవేణి సంగీత నీరాజనం జరిగినప్పుడు కచేరీలు తుమ్మలపల్లి కళాక్షేత్రంతో పాటు కనకదుర్గ గుడి దగ్గర, పున్నమి ఘాట్‌లోనూ పెట్టారు. నది ఒడ్డున తలుపు లేదు.

దసరా నాళ్ళలో కనకదుర్గ గుడి ఉన్న ఇంద్రకీలాద్రి మీద వరస ఉంది, సంగీతమూ ఉంది. అమ్మవారిని సరస్వతిగా అలంకరించే మూలా నక్షత్రం నాడు క్యూలైన్లు కొండ కింది దాకా సాగుతాయి. దర్శనానికి గంటల తరబడి నిలబడినవారికి గుడి వేదికల మీది పాట లౌడ్‌స్పీకర్లలో వినబడుతూ ఉంటుంది. వరస ఒక అడుగు కదులుతుంది, ఆగుతుంది. చంటిపిల్లను భుజాన వేసుకున్న తల్లి మరో చేత్తో తాళం వేస్తూ కనబడుతుంది.