మెడ వంచిన మెరుపు: ఒక వ్యాధిలక్షణ చరిత్ర

మనుష్యుడు దినమునకు ఎన్నిమారులు తల వంచునో లెక్కించినవారు లేరు. అన్నము తినునపుడు, చెప్పులు తొడుగుకొనునపుడు, కార్యాలయమున ఫైలు చదువునపుడు, పెద్దలకు నమస్కరించునపుడు తల దానంతట అదియే వంగును. అట్లు వంచినప్పుడెల్ల మెడనుండి వెన్నెముక వెంబడి కరెంటు తగిలినట్లు జలదరింపు దిగి, ఒక్కొకప్పుడు కాలుసేతులలోనికి ప్రాకి, క్షణములలో మాయమైనచో ఆ మనుష్యుని గతి యేమి? పైకి గాయము లేదు, జ్వరము లేదు. చెప్పినను నమ్మువారు అరుదు. ఈ బాధకు వైద్యశాస్త్రమున ఒక పేరు కుదిరిన చరిత్ర తెలిసికొనదగినది.

మల్టిపుల్ స్క్లెరోసిస్ అను వ్యాధిని 1868లో పారిస్ నగరమందలి సాల్పెత్రియేర్ ఆసుపత్రిలో షార్కో పండితుడు క్రమబద్ధముగా వర్ణించెను. ఈ వ్యాధియందు మెదడులోను వెన్నుపాములోను నాడీతంతువులను కప్పియుండు మైలిన్ అను కొవ్వుతొడుగు అక్కడక్కడ నశించి, ఆ చోట్ల గట్టి మచ్చలు ఏర్పడును. అయినను మెడ వంపుతో పుట్టు మెరుపునకు తగిన గుర్తింపు మరి అర్ధశతాబ్దమునకు గాని రాలేదు.

ఆ గుర్తింపు మొదటి ప్రపంచయుద్ధమున గాయపడిన సైనికులవలన వచ్చినది. కంటికి కానరాని బాధ చెప్పు సైనికుని, యుద్ధభూమికి పోవ నిష్టములేక నటించుచున్నాడని సందేహించుట ఆనాడు పరిపాటి. అట్టి కాలమున 1917లో పియేర్ మరీ, షాతెలేఁ అను వైద్యులు తలకు దెబ్బ తగిలినవారియందు ఈ లక్షణమును వర్ణించిరి. 1918లో బాబిన్‌స్కీ, ద్యుబ్వా అనువారు మెడవద్ద వెన్నుపాము దెబ్బతిన్నవానియందు దీనిని చూపిరి. తుదకు 1924లో జాఁ లెర్మిత్ (1877–1959) తన సహచరులతో గూడి, మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులయందును ఇది కలుగునని ప్రకటించెను. నాటినుండి ఇది 'లెర్మిత్ సంకేతము' అని ప్రసిద్ధమైనది. మొదట చెప్పినవాడు ఆయన కాకున్నను పేరు ఆయనకే నిలిచినది.

ఇచ్చట ఒక విశేషము కలదు. వైద్యుడు తన కంటితో చూచునది సంకేతము; రోగి తాననుభవించి చెప్పునది బాధ. లెర్మిత్ సంకేతమును వైద్యుడు చూడజాలడు, రోగి నోట వినవలసినదే. అనగా, పేరు సంకేతమైనను, ఇచ్చట రోగి మాటయే సాక్ష్యము.

దాని కారణమును పిదప పరిశోధకులు వెలువరించిరి. మెడ వంచినపుడు వెన్నుపాము కొంత సాగును. తొడుగు నశించిన తంతువులు ఆ సాగుదలకే ఉద్రేకించి, లేని స్పర్శను ఉన్నట్లు మెదడునకు చేరవేయును. ఇట్టి తంతువులకు ఈ గుణము కలదని 1980లో స్మిత్, మెక్డొనాల్డ్ అనువారు జంతువులపై ప్రయోగించి నిరూపించిరి. ఈ వ్యాధిగ్రస్తులలో సుమారు మూడింట ఒక వంతు మందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది అనుభవమగును. అయితే మెడ యెముకల అరుగుదలవలనను, బి12 విటమిను లోపమువలనను గూడ ఇది రావచ్చును. కావున ఇది కనిపించినంతనే మల్టిపుల్ స్క్లెరోసిస్ అని భయపడరాదు. వైద్యునికి చూపక ఉపేక్షింపనురాదు.

దీనితో జీవించువారు తమ దినచర్యను కొంచెము మార్చుకొందురు. పుస్తకమును కంటి యెత్తున నిలుపుకొందురు, తలను మెల్లగా వంచుదురు. మెరుపు ఎంత భయపెట్టినను దానంతట అది నాడులకు క్రొత్త హాని చేయదు. పలువురికి కొన్ని వారములలోనో నెలలలోనో తగ్గిపోవును. బాధ అధికమైనచో వైద్యులు మెత్తని మెడపట్టీనో, కార్బమజెపిన్ వంటి మందునో సూచింతురు.

మన దేశమున 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఈ వ్యాధిని తన పట్టికలో చేర్చినది. ఉద్యోగకాలమున వైకల్యము సంభవించినవారిని ప్రభుత్వ కార్యాలయము తొలగింపరాదనియు, హోదా తగ్గింపరాదనియు ఆ చట్టము సామాన్యముగా విధించినది. చట్టము ఇచ్చు రక్షణ అది. ఇక ప్రక్క మేజాయొద్ద కూర్చుండు తోడి ఉద్యోగి ఫైలు వంగి చదువుటకు జంకినచో, సోమరితనమని తీర్పు చెప్పకమునుపు అతడు చెప్పునది వినుట మన వంతు.