అమ్మోనియా పొరుగున

వంశధార, నాగావళి నీటితో వరి పండించు శ్రీకాకుళపు రైతునకు అరువది, డెబ్బది ఏండ్ల క్రిందట ఎరువనగా చాలవరకు ఇంటి వద్ద దొరకునదే. పశువుల పెంట, చెరువు మట్టి, కోత కోసిన చేలలో గొఱ్ఱెల మంద కట్టుట, జనుము, జీలుగ చల్లి పూతకు రాగానే దున్ని కలుపుట, ఇవియే అతని సాధనములు. వీనిలో ఏదియు పొరుగువానికి ప్రాణభయము కలిగించునది కాదు.

1967 డిసెంబరులో విశాఖపట్టణమున కోరమాండల్ ఫెర్టిలైజర్సు వారి కర్మాగారము ఉత్పత్తి ప్రారంభించినది. ‘గ్రోమోర్’ అను పేరు ఉత్తరాంధ్ర పల్లెలలో సుపరిచితమైనది. అప్పటినుండి మన పొలమునకు కావలసిన నత్రజని ఒక ప్రమాదకరమగు వాయువు ద్వారా రాసాగినది. ఆ వాయువే అమ్మోనియా. గాలిలోని నత్రజనిని ఉదజనితో కలిపి దానిని తయారుచేయు మార్గమును 1909లో జర్మనీ దేశీయుడగు ఫ్రిట్జ్ హేబర్ కనుగొనెను. 1913లో ఓపావు అను చోట తొలి పెద్ద కర్మాగారము వెలసెను. నేడు లోకమున తినుచున్న అన్నములో చాల భాగము ఆ వాయువు చలువయే అనినచో అతిశయోక్తి కాదు.

అయితే దాని స్వభావము తెలియవలెను. శీతలీకరించి మైనస్ 33 డిగ్రీల వద్ద పెద్ద తొట్లలో ద్రవముగా నిలువ చేయుదురు. తొట్టికి గాని గొట్టమునకు గాని చిల్లి పడినచో ద్రవము వెంటనే మరగి, గాలిలోని తేమతో కలిసి తెల్లని పొగమంచు వలె వ్యాపించును. అమ్మోనియా గాలికంటె తేలికైనదే. ఐనను చల్లదనము వలన ఆ మంచు మొదట నేలను అంటిపెట్టుకొనియే ప్రాకును. కండ్లు, గొంతు, ఊపిరితిత్తులు మండును. అదృష్టవశమున దాని ఘాటు బహు తీక్ష్ణము. ప్రాణము తీయుటకు ముందే ముక్కునకు తెలియును. మరియొక అదృష్టము, అది నీటిలో మిక్కిలి సులభముగా కరుగును. అందుచేతనే కార్మికులు వాయువు వచ్చు దారికి అడ్డముగా నీటి తెర కట్టుదురు. నేలమీద నిలిచిన ద్రవముపై మాత్రము నీరు పోయరాదు. పోసినచో అది మరింత వేగముగా మరగును.

ముందు జాగ్రత్త విషయమున ఒక చిన్న చరిత్ర చెప్పదగినది. 1950వ దశకమున అమెరికాలో రైతులు పొలమునకు నేరుగా అమ్మోనియా వాడసాగిరి. దానిని నిలువ చేసిన ఉక్కు తొట్లలో అకారణముగా పగుళ్లు కనబడెను. పరిశోధింపగా, తొట్టిలో చేరిన గాలియే అందుకు దోహదము చేయుచున్నదని తేలెను. దానికి చికిత్స ఎంతో చౌక: అమ్మోనియాలో నూటికి 0.2 పాలు నీరు కలుపుట! ఇంత స్వల్పమైన విరుగుడు వేలకొలది తొట్లను కాపాడినది. ఇట్టి విషయములు ఇంజనీర్లకు తెలియును. పొరుగు వీధిలోని వారికి ఏమి తెలియును అనునదియే నా ప్రశ్న.

1984 డిసెంబరు 2వ తేది రాత్రి భోపాలులో పురుగుమందుల కర్మాగారమునుండి విషవాయువు వెలువడినపుడు, పరుగెత్తిన వారికి అది ఏమో తెలియదు. చికిత్స చేసిన వైద్యులకును సరిగా తెలియదు. మరుసటి సంవత్సరము డిసెంబరు 4న ఢిల్లీలో శ్రీరాం ఫుడ్స్ అండ్ ఫెర్టిలైజర్సు ఆవరణనుండి ఓలియం వాయువు వెలువడినది. ఆ వ్యాజ్యములో 1986 డిసెంబరున ప్రధాన న్యాయమూర్తి పి. ఎన్. భగవతి నాయకత్వమున సుప్రీంకోర్టు ధర్మాసనము, ప్రమాదకర పరిశ్రమ నడుపువాడు ఏ మినహాయింపును చెప్పుకొనక పూర్తి బాధ్యత వహింపవలెనని తీర్పు చెప్పినది. 1989 నాటి ప్రమాదకర రసాయనముల నియమములు ఇంకొక అడుగు ముందుకు వేసినవి. ప్రమాదమునకు గురికాగల పొరుగువారికి, ఏమి జరుగవచ్చునో, జరిగినచో ఏమి చేయవలెనో ముందుగా తెలుపవలెనని వానిలో స్పష్టముగా వ్రాయబడినది. ఆవరణ లోపలి కసరత్తు ఆరు నెలలకొకసారి, వెలుపలిది ఏడాదికొకసారి జరుగవలెను.

కాగితముపై ఇంతకంటె చక్కని ఏర్పాటు లేదు. కాని 2020 మే 7వ తేది తెల్లవారుజామున విశాఖపట్టణములోని ఆర్.ఆర్. వెంకటాపురమును గుర్తు తెచ్చుకొనుడు. అది ఎరువుల కర్మాగారము కాదు, ఎల్.జి. పాలిమర్సు వారి తొట్టినుండి స్టైరీను ఆవిరి వెలువడినది. పండ్రెండుగురు మరణించిరి. నిద్రనుండి లేచి పరుగెత్తిన వారు త్రోవలోనే పడిపోయిరి. సైరను మ్రోగలేదు. స్టైరీను ఆవిరి గాలికంటె బరువైనది, నీటిలో దాదాపు కరుగదు. అమ్మోనియాకు ఉపకరించు తడిగుడ్డ దానికి అంతగా ఉపకరింపదు. కావున పొరుగున ఉన్నది ఏ వాయువో తెలియకున్న ఏ ఉపాయము పనికివచ్చునో తెలియదు.

2023 డిసెంబరు 26 రాత్రి చెన్నై దగ్గర ఎన్నూరులో, కోరమాండల్ వారి సముద్రగర్భపు గొట్టమునుండియే అమ్మోనియా వెలువడినది. ప్రాణనష్టము లేదు గాని, ఘాటుకు మేల్కొని జనము వీధులకు పరుగిడిరి, పలువురు ఆసుపత్రుల పాలైరి. అక్కడ వారిని లేపినది ముక్కే.

శ్రీకాకుళము, విజయనగరములనుండి బ్రతుకుదెరువునకై వెళ్లి విశాఖ పారిశ్రామిక వాడలలో కాపురమున్న కుటుంబములు అసంఖ్యాకములు. మన తీరమున మంచు కర్మాగారములలోను, రొయ్యలను శుద్ధిచేయు చోట్లను కూడ ఈ అమ్మోనియాయే చల్లదనమునకు వాడబడుచున్నది. అట్టి వాడలలో నివసించు బంధువులు మీకున్నచో వారికి ఈ నాలుగు మాటలు చెప్పుడు. ఘాటు తగిలినచో వాయువునకు ఎదురుగా గాని, దానితో పాటుగా గాని పోక, గాలికి అడ్డముగా నడువవలెను. కర్మాగారముపై ఎగురు గుడ్డగొట్టము గాలి ఎటు వీచుచున్నదో చూపును. బయటికి పోవు వీలు లేనిచో తలుపులు, కిటికీలు మూసి, సందులలో తడిగుడ్డలు దోపి, ముక్కునకు తడిగుడ్డ అడ్డము పెట్టుకొనవలెను. కండ్లు మండినచో నలుపక, పదిహేను నిమిషములు ధారగా మంచినీటితో కడిగి, పిమ్మట వైద్యుని వద్దకు పోవలెను. ఇంటి ముసలివారిని, పసిపిల్లలను ఎవరు ఎత్తుకొనవలెనో మాత్రము పగటిపూటనే అనుకొని ఉంచుకొనుట మంచిది.